కుమారి అలివేణి పుట్టిన సంవత్సరం

నవంబరు 10, సోమవారం

జగదీశ్ గారి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఏటా అక్క టాక్సు కాగితాలు చూసే ఆడిటరు ఆయనే. అక్క పాన్ కార్డు పనిచెయ్యడం లేదట. కార్డు పనిచెయ్యకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. బీరువాలోంచి తీసి చూశాను. బాగానే ఉంది, ఎక్కడా విరగలేదు.

రేపు కాగితాలన్నీ పట్టుకుని రమ్మన్నారు. ఏవి అని అడిగేలోపు ఫోను పెట్టేశారు. అన్నీ అంటే ఎన్ని?

గ్యాసు కట్టేశాను. రెండుసార్లు చూశాను.

నవంబరు 11, మంగళవారం

ఫిల్మ్ నగర్ నుంచి చెక్‌పోస్టు దాకా ఆటోలో వెళ్లాను. సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఆటో అతను అద్దంలో చూసి, "ఏందమ్మా, బంగారమా?" అన్నాడు. కాదు నాయనా, కాగితాలు అన్నాను. ఎందుకు చెప్పానా అని దిగేదాకా బెంగ.

జగదీశ్ గారి ఆఫీసు ఉన్న బిల్డింగు వాచ్‌మన్ రిజిస్టరులో కారు నంబరు రాయమన్నాడు. కారు లేదన్నాను. "గాడ ఖాళీ ఉంచొద్దమ్మా, మా సార్ తిడ్తడు" అన్నాడు. "ఆటో" అని రాశాను. అబద్ధం కాదుగా.

జగదీశ్ గారు మంచివాడే. ముందు మంచినీళ్లు ఇప్పించాడు.

"అమ్మా, పరేషాన్ కాకుండ్రి. సంగతి గింతే. మీ అక్క పాన్ కార్డుల పుట్టిన సంవత్సరం యాభై నాలుగు ఉంది. ఆధార్ల నలభై రెండు ఉంది. రెండు కలుస్తలేవు. కలువకపోతె పాన్ బంద్. పాన్ బంద్ అయితె మీ ఇంట్ల షూటింగ్ తీస్తున్న సీరియలోళ్లు కిరాయిల ఎక్కువ టాక్స్ కోస్తరు. ఇగ కొత్త అగ్రిమెంట్ అయితె చెయ్యనే చెయ్యమంటున్నరు."

"మరెలా బాబూ? మాకు ఆ హాలు అద్దె తప్ప ఇంకోటి లేదు."

"రెండిట్ల ఒకటి మార్చాలె. డిసెంబర్ ముప్పై ఒకటి లోపల. ఏది నిజమో మీరు చెప్పుండ్రి."

"కనుక్కుని చెప్తాను" అన్నాను.

ఆయన నవ్వాడు. "కనుక్కునుడేందమ్మా, మీ సొంత అక్కనేనా?"

నేనూ నవ్వాను.

ఈ ముక్క ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. అలివేణి నాకు అక్క కాదు, నన్ను కన్నతల్లి.

పై లైను రాశాక భయమేసి కొట్టేశాను. కొట్టేసినా చదవొచ్చు. ఈ పెన్ను ఇంకు పలచన.

నవంబరు 12

కొట్టేసిన లైను మీదే మనసు. ఈ పుస్తకం ఎవరు చూస్తారు? ఇంట్లో ఇద్దరమే. పనికి వచ్చే మల్లమ్మకి చదువు రాదు. అక్క నా వస్తువులు ముట్టుకోదు.

మద్రాసు వెళ్లేటప్పటికి నాకు రెండేళ్లట. ఆమెకి పంతొమ్మిది. అమ్మమ్మ మా ఇద్దరినీ తీసుకుని డాన్సు మాస్టరు ఇంటికి వెళ్లింది. పిల్లెవరని ఆయన అడిగితే, "నా రెండోదండీ" అంది. అంతే. ఆ ఒక్క మాటతో అమ్మమ్మ నాకు అమ్మయింది, అమ్మ అక్కయింది. తెర మీద ఆమె పేరు "కుమారి అలివేణి" అని పడేది. కుమారికి కూతురెలా ఉంటుంది?

తాతయ్య పేరే నాకు తండ్రి పేరు. నా కార్డులన్నిటిలో వీరయ్య కూతురు నాగేశ్వరి అనే ఉంటుంది. అసలు తండ్రి ఎవరని అడగకూడదని చిన్నప్పుడే తెలుసుకున్నాను. ఎవరూ చెప్పలేదు. అలా తెలిసిపోయింది.

ఐదో క్లాసుతో బడి మానిపించి తనతో సెట్టుకి తీసుకెళ్లేది. టచప్ పెట్టె మోసేదాన్ని నేనే. చెమట అద్దేదాన్ని నేనే. "మా చెల్లెలండీ, నన్ను వదిలి ఉండలేదు" అని అందరికీ చెప్పేది. ఆ మాట వింటే ఎంత సంతోషమో.

వేషాలు తగ్గేకొద్దీ ఆమె వయసూ తగ్గింది. హైదరాబాదు వచ్చి పాన్ కార్డు చేయించేటప్పటికి పన్నెండేళ్లు తగ్గింది. నేను పుట్టింది యాభై తొమ్మిదిలో. ఆ కార్డు ప్రకారం ఆమె నాకన్నా ఐదేళ్లు పెద్ద. అక్కకి సరిపోతుంది.

ఆధార్ ప్రకారం పదిహేడేళ్లు పెద్ద.

నవంబరు 13, గురువారం

చెప్పేశాను. చెప్పకపోతే బీపీ ఎక్కేలా ఉంది.

గురువారం కదా, అక్క తలకి రంగు వేసుకుని పాత తువ్వాలు కట్టుకుని కూర్చుంది. ఎనభై మూడేళ్లు. ఒక్క వారం కూడా తప్పించదు.

"ఏమన్నాడే మీ ఆడిటరు?" అంది. కాగితాల సంగతి వస్తే అందరూ "మీ" వాళ్లే.

రెండు సంవత్సరాల సంగతీ చెప్పాను. వింటూ అద్దంలో చెవి దగ్గర రంగు తుడుచుకుంది.

"ఇందులో ఆలోచించేదేముంది? ఆధార్ తప్పు. యాభై నాలుగని మార్పించు."

"అక్కా, పాన్‌ని మార్చడం తేలికట. ఆధార్ చూపిస్తే చాలట."

"తేలికని నా వయసు మారుస్తావా? ఎనభై మూడని ఊరంతా చాటింపు వెయ్యమంటావా? ఇంకా నాతో చేసినవాళ్లు బతికున్నారే ఈ ఫిల్మ్ నగర్లో. నాకంటే చిన్నవాళ్లమని చెప్పుకుంటూ కర్రలు పట్టుకు తిరుగుతున్నారు."

నేను కాఫీ కప్పు ఆమె ముందు పెట్టాను.

"అయినా ఆధార్‌లో ఆ సంవత్సరం ఎవరిచ్చారే?"

"క్యాంపులో ఆవిడ తప్పు కొట్టుంటుంది" అన్నాను.

అద్దంలోంచి నన్నే చూసింది. కాసేపు. తరవాత, "కాఫీలో పంచదార మర్చిపోయావ్" అంది.

నవంబరు 15

ఆధార్ క్యాంపు సంగతి గుర్తు చేసుకుంటున్నాను. పన్నెండు పదమూడేళ్లయిందేమో. మా వెనకవీధి కమ్యూనిటీ హాల్లో. ఆ రోజు అక్కకి జ్వరం. ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల దగ్గర వివరాలన్నీ నేనే చెప్పాను. వెనక పెద్ద లైను. మిషను ముందు కూర్చున్నావిడ తొందర పెట్టింది. ఆ కంగారులో ఏదో అన్నాను. మనిషన్నాక కంగారులో నోరు జారదా?

వేలిముద్రలు, కళ్లు మాత్రం అక్కవే తీశారు.

నవంబరు 17

నోరు జారింది. అంతే.

నవంబరు 18, మంగళవారం

పాత కాగితాల కట్టలో ఆధార్ ఫారం నకలు దొరికింది. క్యాంపులో మనకిచ్చే ముక్క. పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం అన్నీ పెన్నుతో రాసినవి. రాత నాది. కింద సంతకం కూడా నాదే. మిషను ముందున్నావిడ ఏమీ తప్పు కొట్టలేదు. నేను రాసిచ్చిందే కొట్టింది.

అక్క చూస్తే? ఆధార్ మార్చడానికి వెళితే వాళ్లు ఈ ఫారం తీస్తారేమో. "ఎవరమ్మా రాసింది?" అంటే అక్క ముందు ఏం చెప్పను?

చింపేశాను.

నవంబరు 19

చింపలేదు. బియ్యం డబ్బాలో అడుగున ఉంది.

నవంబరు 21, శుక్రవారం

యూసుఫ్‌గూడలో ఆధార్ సెంటరుకి వెళ్లాను. మల్లమ్మ ఇల్లు అటే కాబట్టి తోడు వచ్చింది. లైన్లో రెండు గంటలు. నా వంతు వచ్చాక అక్కడి మనిషి తల ఎత్తకుండానే అడిగాడు.

"యాభై నాలుగు అని ప్రూఫ్ ఉందా? బర్త్ సర్టిఫికెట్, స్కూల్ సర్టిఫికెట్?"

లేవన్నాను.

"లేకుంటె ఎట్ల మారుస్తరు? నెక్స్ట్."

మెట్లు దిగాను. ఎందుకో సంతోషంలాంటిది వచ్చింది. పనికాకపోతే సంతోషమేమిటి? అద్దె ఆగిపోతుందే, మందులెలా, కరెంటు బిల్లెలా అని అప్పుడు గుర్తొచ్చి మల్లమ్మ ముందు మొర పెట్టుకున్నాను.

"గట్ల ఫికర్ జేస్తె నువ్వే ముందు మంచం ఎక్కుతవ్ నాగమ్మా" అంది మల్లమ్మ. "ఆమెకేమైతది? పెద్దమ్మ గట్టి పిండం."

నవంబరు 24, సోమవారం

ఇవాళ హాల్లో షూటింగు. సీరియల్లో కోడలు మెట్ల మీంచి పడిపోయే సీను. పొద్దుటి నుంచి పదిహేనుసార్లు పడింది పాపం. మెట్ల రెయిలింగు ఊడుతుందేమోనని నేను వంటింట్లోంచి కదల్లేదు.

లంచ్ బ్రేకులో శ్రీకాంత్ వచ్చాడు. ఆ కంపెనీ మేనేజరు. ఇల్లు మాట్లాడేదీ అద్దె ఇచ్చేదీ అతనే.

"మేడమ్‌గారూ, పాన్ సంగతి తేల్చకపోతే జనవరి నుంచి మావాళ్లు వేరే ఇల్లు చూస్తామంటున్నారండీ. మణికొండలో ఒకటి చూశారు కూడా."

అక్క విసనకర్ర ఆపింది. "నా హాల్లో నాలుగేళ్లు ఏడ్చి, ఇప్పుడు మణికొండకెళ్లి ఏడుస్తారా?"

"ప్రూఫ్ లేదంటున్నారు బాబూ" అన్నాను. "స్కూలు సర్టిఫికెట్ ఉంటే ఆధార్ మారుస్తారట."

శ్రీకాంత్ చేతిలో ప్లేటు పక్కన పెట్టాడు. "స్కూలు సర్టిఫికెట్టా? దాని కోసమా ఇంత? మా ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్లు చేసిచ్చేస్తారండీ! మొన్నటి ఎపిసోడ్‌లో వీలునామా చూళ్లేదా? అంతకుముందు డెత్ సర్టిఫికెట్ చేశారు. స్టాంపులతో సహా. నిజంది పక్కన పెడితే నిజందే డూప్లికేట్ అంటారు."

అక్క పకపకా నవ్వింది. ఈ మధ్య అంతగా నవ్వడం చూళ్లేదు. "చూశావుటే? బడికి పోకుండానే పాసయిపోతున్నాను."

అది తప్పు కదా అన్నాను. గవర్నమెంటు కదా అన్నాను.

"సినిమావాళ్లం. మాకు అన్నీ ఇలాగే జరుగుతాయి. నువ్వు నోరు మూసుకుని పులుసు వడ్డించు."

నవంబరు 25

నిద్ర సరిగా లేదు. గ్యాసు చూశాను.

నవంబరు 29, శనివారం

సర్టిఫికెట్ వచ్చింది. శ్రీకాంత్ కవరులో పెట్టి తెచ్చాడు.

ఎంత బాగా చేశారో. టీ నీళ్లలో ముంచి ఎండబెట్టారట. అంచులు పసుపు, మధ్యలో మడత దగ్గర చిరుగు. హెడ్‌మాస్టరు సంతకం, గుండ్రటి ముద్ర. అలివేణి, తండ్రి వీరయ్య, పుట్టినది 1954, ఎనిమిదో తరగతి పాసయి బడి విడిచినది 1967. చూస్తుంటే నాకే నిజమనిపించింది. ఆమె ఆ బడిలో చదివినట్టు, నేను అప్పటికి ఎనిమిదేళ్ల చెల్లెల్ని అయినట్టు, ఆమె పలక నేను మోసినట్టు.

అక్క కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "లెక్కల్లో నూటికి డెబ్బై వేశాడే, వెధవ. ఎనభై వెయ్యకూడదూ" అంది.

సోమవారం జగదీశ్ గారికి ఇచ్చి రమ్మంది.

నవంబరు 30

ఆ కాగితం అలమరలో ఉంది. దాని దగ్గరికి వెళ్లకుండా వంటింట్లోంచే తిరుగుతున్నాను.

నాకు పాతికేళ్లప్పుడు ఒక సంబంధం వచ్చింది. లైట్‌మెన్‌లో ఒకాయన తమ్ముడు, రైల్వేలో పని. వాళ్లమ్మ వచ్చి కూర్చుని, "అమ్మాయి తల్లిదండ్రులు?" అంది. అప్పటికి అమ్మమ్మ పోయింది. అక్క కాఫీ కప్పు అందిస్తూ, "ఇద్దరూ లేరండీ. నేనే అన్నీ" అంది. నేను తలుపు పక్కన ఉన్నాను. ఆ సంబంధం తప్పిపోలేదు. నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అక్క అడగలేదు. వాళ్లింటికి వెళ్లినా జీవితమంతా తల్లి లేదనే చెప్పాలి కదా. దగ్గరుంటే కనీసం చూస్తూ ఉండొచ్చు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో.

క్యాంపులో నోరు జారలేదు. నోటితో చెప్పనే లేదు. పెన్నుతో రాశాను. ఆ గడి దగ్గర పెన్ను ఆగింది. ఫ్యాను కింద ఆమె కళ్లు మూసుకుని ఉంది. యాభై నాలుగని రాయమని ఇంటి దగ్గరే చెప్పింది. నలభై రెండని రాశాను. ఒక్క కాగితంలో అయినా ఆమె నాకు అమ్మ అవగలిగేలా ఉండాలని రాశాను. తెలిసే రాశాను.

డిసెంబరు 1, సోమవారం

వెళ్లలేదు. నడుము నొప్పి అని చెప్పాను. "సరే, రేపు" అంది.

డిసెంబరు 2, మంగళవారం

జగదీశ్ గారు సర్టిఫికెట్ తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"అమ్మా, గిది ఎక్కడిది?"

"పాత కాగితాల్లో దొరికింది బాబూ."

"అరవై ఏడు సంవత్సరం కాగితం?"

"అవును."

ఆయన వేలితో కింద చూపించాడు. స్కూలు పేరు, ఊరు, జిల్లా, ఆ తరవాత ఆరంకెలు.

"పిన్ కోడ్. డెబ్బై రెండుల వచ్చింది మన దేశంల పిన్ కోడ్. అరవై ఏడుల ఈ హెడ్‌మాస్టర్‌కు ఎట్ల తెలిసిందమ్మా?"

కాగితం నా వైపు తిప్పుకుని ఆ అంకెలు చదివాను.

"నేనైతె చూడలేదనుకుంటా. గని గిది సెంటర్ల ఇస్తె ఏమైతదో ఎరుకేనా? దొంగ కాగితం కింద కేసు. అక్క మీద ఒకటి, తెచ్చిచ్చిన మీ మీద ఒకటి. టాక్స్ సంగతి చిన్నది. గిది పెద్దది. నేను మీ పని జేస్త, దొంగ పని చెయ్య."

సర్టిఫికెట్ నా సంచిలో పెట్టి, సంచి నాకు అందించాడు. "నిజం సంవత్సరం ఏదో చెప్పనీకి మీ అక్కనే తోల్కరండి. ఆమె నోటితోని చెప్తె అఫిడవిట్ రాద్దాం, పాన్ మార్చుకుందాం. పది నిమిషాల పని."

ఆటోలో ఎలా కూర్చున్నానో తెలియదు. ఇంటికొచ్చి ఆ కాగితం స్టవ్ మీద కాల్చేశాను. ఆ టీ వాసన ఇల్లంతా నిండింది.

అక్కకి ఏమీ చెప్పలేదు. టీ పెట్టావా అని అడిగింది. పెట్టాను.

డిసెంబరు 3, బుధవారం

పొద్దున్న కాఫీ ఇచ్చి నిలబడ్డాను. పనంతా అయినా నిలబడే ఉన్నాను.

"ఏమిటే ఆ నిలబడ్డం? షాటు గ్యాపులో నిలబడ్డట్టు."

చెప్పాను. పిన్ కోడు సంగతి, కేసు సంగతి, కాల్చేసిన సంగతి. ముందు ఆర్ట్ డిపార్టుమెంటుని తిట్టింది. "వీలునామాలో కూడా పిన్ కోడు వేసే ఉంటారు, దరిద్రులు." తరవాత అడిగింది.

"కేసు ఎవరి మీదన్నాడు?"

"ఇద్దరి మీదా."

"నీ మీద ఎందుకు?"

"తీసుకెళ్లింది నేనేగా."

కప్పు కింద పెట్టింది. ఇంక ఆపలేకపోయాను. అన్నీ ఒక్కసారే వచ్చేశాయి.

"అక్కా, ఆధార్‌లో ఆ సంవత్సరం రాసింది కూడా నేనే. క్యాంపు ఆవిడ కాదు. నేనే రాశాను. కావాలనే రాశాను. ఈ అవస్థంతా నా వల్లే."

చెంప మీద కొడుతుందనుకున్నాను. చిన్నప్పుడు డైలాగ్ కాగితం తడిపినప్పుడు కొట్టింది.

"తెలుసు" అంది.

"ఎప్పుడు?"

"ఆ కార్డు పోస్టులో వచ్చింది. నువ్వు కూరలకి వెళ్లావ్. నేనే కవరు చింపి చూశాను. మళ్లీ అంటించి అక్కడే పెట్టాను."

"మరి పన్నెండేళ్లు ఎందుకడగలేదక్కా?"

"అడిగితే ఏం చేస్తావ్? భయపడిపోతావ్. మర్నాడే వెళ్లి మార్పించేస్తావ్. నీ సంగతి నాకు తెలీదా?"

మల్లమ్మ వచ్చి గిన్నెలు తోముతోంది. కుళాయి చప్పుడు.

"అలా ఉండనీ అనుకున్నాను" అంది అక్క. "ఒక్క కార్డేగా, ఎవరు చూడొచ్చారు. ఇప్పుడు అన్నిట్లో రాయాలంటే... అందరికీ చెప్పినట్టవుతుందే నాగీ. అందుకే వద్దన్నాను."

నా చేతిలో ఖాళీ కప్పు పెట్టి లేచి స్నానానికి వెళ్లింది. తలుపు దగ్గర ఆగి, "ఆ ఆడిటరు శుక్రవారం ఉంటాడేమో కనుక్కో" అంది.

డిసెంబరు 4

గురువారం. రంగు వేసుకోలేదు. ఒంట్లో బాగాలేదా అంటే, "ఏం, వెయ్యకపోతే జైల్లో పెడతారా?" అంది.

రేపు మనసు మార్చుకుంటుందేమో. మార్చుకుంటే ముప్పై ఒకటికి ఎన్ని రోజులున్నాయో లెక్కేశాను. మళ్లీ లెక్కేశాను.

డిసెంబరు 5, శుక్రవారం

శ్రీకాంత్ కంపెనీ కారు పంపించాడు. సర్టిఫికెట్ అలా అయినందుకు సిగ్గుపడ్డాడనుకుంటాను. వాచ్‌మన్ రిజిస్టరు తెస్తే అక్క అద్దం దించి, "ఈసారి నంబరు ఉంది, రాసుకో నాయనా" అంది. ఆటో సంగతి నేనెప్పుడు చెప్పానో.

నల్ల కళ్లద్దాలు, పట్టు చీర, పాపిట దగ్గర సన్నగా తెల్ల గీత. లిఫ్టులో అందరూ జరిగి చోటిచ్చారు.

జగదీశ్ గారు లేచి నిలబడ్డాడు. "నమస్తే అమ్మా. మీ సిన్మాలు మా నాయన మస్తు చూసెటోడు."

"నాన్నగారా? నయం, తాత అన్లేదు."

అఫిడవిట్ కంప్యూటర్లో సగం కొట్టే ఉంచాడు. "అమ్మా, పుట్టిన సంవత్సరం మీరే చెప్పుండ్రి."

అక్క కళ్లద్దాలు తీసింది. పెట్టెలో పెట్టింది. పెట్టె మూసింది. సెట్లో రెడీ అన్నాక ఎప్పుడూ అంతే, అందరినీ ఆపి ఉంచుతుంది.

"పంతొమ్మిదొందల నలభై రెండు. కొట్టుకో. రెండో టేకు చెప్పను."

కొట్టాడు. "ఎనభై దాటినరు గద, మీకు టాక్స్‌ల జర ఫాయిదా కూడా ఉంటదమ్మా."

అక్క నా వైపు తిరిగింది. "విన్నావుటే? వయసు దాచుకున్న పాపానికి గవర్నమెంటుకి నేనే ఎదురు కట్టాను." ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. గండం గడిచింది అనుకున్నాను.

"ఇగ సాక్షి" అన్నాడు. "మీరే గద. పేరు?"

"నాగేశ్వరి."

"వయసు?"

"అరవై ఆరు."

"అలివేణమ్మకు మీరేమైతరు?"

"చెల్లెల్ని" అన్నాను.

నేననలేదు. నోరు అంది. అరవై ఏళ్లుగా ఎవరు అడిగినా అదే అంటుంది, నన్ను అడగదు. అనేశాక తెలిసింది ఏమన్నానో. ఆయన అప్పటికే కొడుతున్నాడు. టక టక టక. ఆగండి అని చెప్పాలి. ఒక్క కాగితంలో ఆమె అమ్మ కావాలని దొంగతనంగా రాసిన దాన్ని, చెప్పుకోమని చోటిస్తే నేనే కాదన్నాను. ఇప్పుడు ముద్రలు పడి శాశ్వతంగా అలాగే ఉంటుంది అనుకున్నాను.

"బాబూ" అంది ఆమె. "అది అబద్ధం చెబుతోంది."

ఆయన చేతులు ఆగాయి.

"నేర్పింది నేనే. రెండేళ్ల పిల్లప్పుడు నేర్పించాం. మంచి పిల్ల, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అది కొట్టేసి, కూతురని రాయి."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఏం రాయాల్నమ్మా?" అని నన్నే అడిగాడు.

తల ఊపాను. అంతకన్నా చేతకాలేదు. కంప్యూటర్లో "చెల్లెలు" ఒక్కొక్క అక్షరం వెనక్కి పోయింది. నా దగ్గర కొట్టేస్తే ఇంకా చదవొచ్చు. అక్కడ కొట్టేస్తే ఏమీ మిగల్లేదు.

ఆమె సంతకం పెట్టింది. నేను పెట్టాను. వంకరగా వచ్చింది.

మళ్లీ అదే కార్లో బయలుదేరాం. చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర నా సంచి పట్టీ సరిచేసింది, భుజం మీద నుంచి జారుతోందని.

డిసెంబరు 6

ఇప్పుడు నా కార్డులు తప్పయ్యాయి. అన్నిటిలో తండ్రి వీరయ్య అని ఉంది. రేపెప్పుడైనా అఫిడవిట్, నా కార్డు పక్కపక్కన పెట్టి చూస్తే? వీరయ్య ఆమెకి తండ్రా, మొగుడా అని అడిగితే? జగదీశ్ గారిని అడుగుదామంటే, "నీవి నేను పోయాక సరిచేసుకో, ఇప్పుడు కాస్త పడుకోనీ" అంది.

బియ్యం డబ్బాలోంచి ఫారం తీసి దులిపి బీరువాలో పెట్టాను. తాళం వేశాను. చూశాను.

డిసెంబరు 18, గురువారం

రంగు వేసుకుంది. "కార్డు వేరు, మొహం వేరు" అంది.

డిసెంబరు 27, శనివారం

కొత్త పాన్ కార్డు వచ్చింది. పోస్టు కవరు నేను ముట్టుకోలేదు, ఆమె చేతికే ఇచ్చాను. సంవత్సరం వైపు చూడనే లేదు. "ఫోటో ఎంత ఘోరంగా తీశారే" అంది. శ్రీకాంత్ వచ్చి జెరాక్సు పట్టుకెళ్లాడు. మణికొండ మాట ఎత్తలేదు. సోమవారం అగ్రిమెంటు సంతకాలట. రెయిలింగు బాగు చేయించే ఖర్చు వాళ్లదేనని అందులో రాయించాలి, మర్చిపోతానేమో.

మధ్యాహ్నం అమ్మ చారన్నం తింది. ఉప్పు తక్కువైందంది.